కౌబాయ్స్: జనవరిలో బోల్తా, ఆగస్టులో బేరాలు (మైకా ట్రేడ్ తర్వాత చర్చ)

ప్లేనో_ప్రసాదు
ఆగస్టు 29, 2025

నిన్నటి థ్రెడ్ తిట్లతో నిండిపోయి మోడరేటర్ గారు తాళం వేశారు, మంచి పనే చేశారు. కడుపుమంట కాస్త తగ్గింది కాబట్టి ఇక్కడ నింపాదిగా మాట్లాడుకుందాం.

జరిగింది ఇదీ. మన డాలస్ కౌబాయ్స్ (అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్) డిఫెన్స్ స్టార్ మైకా పార్సన్స్ గ్రీన్‌బే టీమ్‌కి వెళ్లిపోయాడు. బదులుగా మనకి 2026, 2027 ఫస్ట్ రౌండ్ పిక్స్ (కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ వంతులు), డిఫెన్స్ మధ్యలో నిలబడే ట్యాకిల్ కెన్నీ క్లార్క్. నాలుగు సీజన్లలో 52.5 శాక్స్ (బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని అది వదిలేలోపే పడగొట్టడం) తెచ్చిన 26 ఏళ్ల కుర్రాణ్ని సీజన్ మొదలవడానికి వారం ముందు సాగనంపారు. పంపితే పంపారు, గ్రీన్‌బేకా! 2014, 2016, 2023 సీజన్ల ప్లేఆఫ్స్‌లో మన కథ ముగించింది వాళ్లే.

అందరూ మైకాది తప్పా, ఓనర్ జెర్రీ జోన్స్‌ది తప్పా అని కొట్టుకుంటున్నారు. నాకు కనపడే రోగం వేరు. ఈ యాజమాన్యం ఏ పెద్ద కాంట్రాక్టునూ టైముకి తేల్చదు. 2023 సీజన్ అవగానే మైకాకి ఎక్స్‌టెన్షన్ ఇవ్వడానికి రూల్స్ ప్రకారం వీలు చిక్కింది. అప్పటికి మైకాలా శాక్స్ తెచ్చే పాస్ రషర్లలో పెద్ద రేటు నిక్ బోసాది, ఏడాదికి 34 మిలియన్ డాలర్లు. మనవాళ్లు కదల్లేదు. ఈ మార్చిలో మ్యాక్స్ క్రాస్బీకి 35.5 అయింది, మైల్స్ గారెట్‌కి 40, జులైలో టీజే వాట్‌కి 41. నిన్న గ్రీన్‌బే మైకాకి ఇచ్చింది 47. నాలుగేళ్లకి 188 మిలియన్లు. 2024 వసంతంలో సంతకం పెట్టించి ఉంటే ఈ ట్రేడ్ అవసరమే ఉండేది కాదు.

మన క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ విషయంలోనూ ఇంతే కదా. 2020లో ట్యాగ్ వేసి (ఒక్క ఏడాది జీతంతో కట్టేసి) నాన్చారు, 2021లో నాలుగేళ్లకి 160 మిలియన్లు ఇచ్చారు. ఆ కాంట్రాక్టులో మళ్లీ ట్యాగ్ వేయకూడదు, అతను ఒప్పుకోకుండా ట్రేడ్ చేయకూడదు అని రాసిచ్చారు. ఇక 2024లో బేరమాడటానికి జెర్రీ చేతిలో ఏముంది? మొదటి మ్యాచ్ రోజు పొద్దున ఏడాదికి 60 మిలియన్లు ఒప్పుకున్నాడు. రిసీవర్ సీడీ ల్యాంబ్ ట్రైనింగ్ క్యాంప్ మొత్తం ఎగ్గొట్టాక ఆగస్టు చివర్లో 136 మిలియన్లు.

ఇలా ఎక్కువ పోసిన డబ్బుని ఎక్కడో ఒకచోట మిగుల్చుకోవాలి. మనం బెంచ్ దగ్గర మిగుల్చుకుంటాం. 2023లో వాండర్ ఎష్ మెడ గాయంతో పోతే అతని చోట ఆడటానికి లైన్‌బ్యాకర్ లేక సేఫ్టీ మార్కీస్ బెల్‌ని అక్కడ నిలబెట్టాం. జనవరిలో గ్రీన్‌బే వచ్చి సరిగ్గా ఆ మధ్యలోంచే తొక్కుకుంటూ పోయింది. 48–32. మన ఇంట్లో, మన జనం ముందు, ఏడో సీడ్ (ఆఖరి ర్యాంకుతో ప్లేఆఫ్స్‌కి వచ్చిన టీమ్) చేతిలో. ప్లేఆఫ్స్ ఓటముల గురించి మాట్లాడేవాళ్లు ఈ కాగితాల పని గురించి మాట్లాడకపోవడమే నాకు వింతగా ఉంటుంది.


బ్లూస్టార్88
ఆగస్టు 29

ప్రసాదు గారూ, లెక్కలు బాగున్నాయి కానీ నేను ఒప్పుకోను. ట్రేడ్ మంచిదే అంటాను, రాళ్లు తర్వాత వేయండి.

మనల్ని ప్లేఆఫ్స్‌లో ఎవరు ఎలా ఓడించారో చూడండి. 2019 జనవరిలో ర్యామ్స్ మన మీద పరుగులోనే 273 గజాలు లాగారు. సీజే ఆండర్సన్ 123, టాడ్ గర్లీ 115. ఆ ఆండర్సన్ డిసెంబర్‌లో దారిన పోతుంటే పిలిచి తెచ్చుకున్న మనిషి! 2022 జనవరిలో ఫార్టీనైనర్స్ 169. 2024 జనవరిలో ఏరన్ జోన్స్ 118, మూడు టచ్‌డౌన్లు. ప్రతిసారీ ఒకటే వంటకం: బంతిని నేల మీదే నడిపించు, కౌబాయ్స్ పాస్ రషర్లకి పనే లేకుండా చెయ్. మనం వెనకబడ్డాక అవతలివాడు పాస్ ఎందుకు వేస్తాడు? పాస్ వేయకపోతే మైకా ఎవరిని శాక్ చేస్తాడు?

క్లార్క్ మూడుసార్లు ప్రో బౌల్‌కి (లీగ్ స్టార్ల ఆటకి) వెళ్లిన లావుపాటి గోడ. నిన్న ప్రెస్ మీట్‌లో జెర్రీ కూడా రన్ ఆపడం గురించే మాట్లాడాడు. ముసలాయన చెప్పాడని నిజం అబద్ధం అయిపోదు.


ప్లేనో_ప్రసాదు
ఆగస్టు 29

రన్ ఆపడానికే కదా 2023లో ఫస్ట్ రౌండ్ పెట్టి మేజీ స్మిత్‌ని తెచ్చాం? ఆ సీజన్ చివర్లోనే ఏరన్ జోన్స్ 118 కొట్టింది. క్లార్క్‌కి అక్టోబర్‌లో 30 నిండుతాయి. అతను బాగా ఆడతాడనే అనుకుందాం, ఎన్నాళ్లు? ఇక ఆ ఫస్ట్ రౌండ్ పిక్స్ సంగతి. మైకా ఉన్న గ్రీన్‌బే మరీ చెడిపోతుందా? ఆ పిక్స్ రౌండ్ చివర్లోనే వస్తాయి. మైకాని మనం 12వ పిక్‌తో తీసుకున్నాం, గుర్తుందిగా.


ఈగల్స్_ఏలూరు
ఆగస్టు 29

నమస్కారమండీ, సౌత్ జెర్సీ నుంచి. నవ్వడానికి రాలేదు. సరే, కొంచెం నవ్వడానికే వచ్చాను.

ప్రసాదు గారు చెప్పిన దానికి ఇటువైపు సాక్ష్యం నేనే ఇస్తాను. మా ఫిలడెల్ఫియా ఈగల్స్ జనరల్ మేనేజర్ హౌవీ రోజ్‌మన్ 2023 ఏప్రిల్‌లోనే క్వార్టర్‌బ్యాక్ హర్ట్స్‌కి 255 మిలియన్లు ఇచ్చి పక్కన పెట్టేశాడు. కొన్ని నెలలకే వేరే టీముల క్వార్టర్‌బ్యాక్‌లు బర్రో, హెర్బర్ట్ వచ్చి ఆ రేటు దాటేశారు. 2024 ఏప్రిల్‌లో డెవాంటా స్మిత్, ఏజే బ్రౌన్ ఇద్దరికీ సంతకాలు. తొందరగా ఇచ్చాడు కాబట్టి చేతిలో కాస్త ఆడింది, జెయింట్స్ వదిలేసిన సేక్వాన్ బార్క్‌లీని తెచ్చుకున్నాడు. ఆయన 2,005 గజాలు పరిగెత్తాడు, ఫిబ్రవరిలో చీఫ్స్‌ని 40–22తో కొట్టాం. మా ఓనర్ పేరు మా ఇంట్లోవాళ్లకి తెలియదు. మీ ఓనర్ మొహం మా అమ్మమ్మ కూడా గుర్తుపడుతుంది. తేడా అక్కడుంది.


వరంగల్_బ్లిట్జ్
ఆగస్టు 29

ఏలూరన్నా, నువ్వు వస్తవని నిన్ననే అనుకున్న.

గిదంతా సరే గని, నాకు మైకా కంటే రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకొని ఉరికేటోడు) డెరిక్ హెన్రీ ముచ్చటే ఎక్కువ మండుతది. 2024 జనవరిల జెర్రీ సారు ఆల్ ఇన్ అన్నడు. ఆల్ ఇన్ అంటే ఉన్నదంతా ఊడ్చి పెడతడేమో అని మేం ఇక్కడ తెల్లారుగట్ల లేచి ట్విట్టర్ చూసుకుంట కూసున్నం. హెన్రీ ఇల్లు డాలస్‌లనే ఉండె. రెండేళ్లకి 16 మిలియన్లకి బాల్టిమోర్ పోయిండు. మనోళ్లు ఒక్క ఫోన్ కూడా చెయ్యలేదని ఆయనే చెప్పిండు. పోయి 1,921 గజాలు కొట్టిండు. మనం ఎవర్ని తెచ్చుకున్నం? పాత ఎజికియల్ ఎలియట్‌ని మళ్ల పిలిచినం. రికో డౌడిల్ పాపం వెయ్యి దాటిండు, ఆయనను కూడా ఈ మార్చిల కరోలైనాకి పోనిచ్చినం.

2023ల లీగ్ మొత్తంల అందరికంటే ఎక్కువ పాయింట్లు మనవే, 509. ఇంట్ల ఎనిమిదికి ఎనిమిది గెలిచినం. తర్వాత 2024 జనవరిల గ్రీన్‌బే వచ్చి 27–0 చేసి కూసోబెట్టింది. ఆ ఏడే మే నెలల మన సన్‌రైజర్స్ 287 కొట్టిన టీమ్ ఫైనల్ల 113కి చుట్టేసింది. ఒక్క ఏడాదిల రెండు దెబ్బలు తిన్నోణ్ని నేను, నా ముంగట ఓపిక గురించి ఎవ్వరు మాట్లాడొద్దు.


కొత్తగా_వచ్చా
ఆగస్టు 30

అందరికీ హాయ్. యూటీడీలో (డాలస్ దగ్గరి యూనివర్సిటీ) మాస్టర్స్ చేస్తున్నా, పోయిన ఏడాది నుంచే చూస్తున్నా. తెలియక అడుగుతున్నా, తిట్టకండి. మైకాకి ఈ ఏడాదికి కాంట్రాక్టు ఉందంటున్నారు కదా? మరి ఆడించకుండా ఎందుకు పంపేశారు? ఇంకోటి, ఓనరే ప్లేయర్లతో బేరం ఆడటం అన్ని టీముల్లోనూ ఉంటుందా?


బ్లూస్టార్88
ఆగస్టు 30

తమ్ముడూ, మంచి ప్రశ్నే. ఫస్ట్ రౌండ్‌లో తీసుకున్నవాడికి నాలుగేళ్ల కాంట్రాక్టు, ఐదో ఏడాది టీమ్ ఇష్టం. మైకాకి ఇది ఆ ఐదో ఏడాది, 24 మిలియన్లు. ఆ తర్వాత కూడా ఫ్రాంచైజ్ ట్యాగ్ వేసి ఇంకో ఏడాది ఆపొచ్చు, అంటే ఆ పొజిషన్‌లో పెద్ద జీతగాళ్ల సగటు ఇచ్చి ఒక్క ఏడాదికి కట్టేయడం. కాగితం మీద మనకి తొందరేమీ లేదు. కానీ మైకా ఆగస్టు 1న ట్రేడ్ కావాలని బాహాటంగా అడిగాడు, నడుం నొప్పి అన్నాడు, ఫాల్కన్స్‌తో ప్రీసీజన్ మ్యాచ్‌లో సైడ్‌లైన్ దగ్గర బల్ల మీద పడుకుని కనిపించాడు. బేరం తెగే దారి కనపడలేదు.

రెండో దానికి జవాబు: ఉండదు. జెర్రీ 1989లో టీమ్ కొన్న దగ్గర్నుంచీ ఓనరూ ఆయనే, జనరల్ మేనేజరూ ఆయనే. తప్పు చేస్తే తీసేసేవాడు లేడు.


ప్లేనో_ప్రసాదు
ఆగస్టు 30

బల్ల మీద పడుకునేదాకా ఎందుకొచ్చిందో కూడా చెప్పండి బ్లూస్టార్ గారూ. మార్చిలో జెర్రీ ఏజెంట్ లేకుండా కుర్రాణ్ని గదిలోకి పిలిచి మాట్లాడాడు. డీల్ అయిపోయిందని ఈయన, మామూలుగా మాట్లాడుకున్నాం అంతేనని అతను. ఆ తర్వాత ఏజెంట్‌తో మాట్లాడనని ఈయన మొండికేశాడు. కోట్ల డాలర్ల వ్యవహారం నోటిమాట మీద నడుస్తుందా? ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా పోయిన టైమంతా అక్కడే పోయింది.


ఇర్వింగ్_అక్క
ఆగస్టు 30

మీరంతా 2023 దగ్గరే ఆగిపోతారు, పాతవి నేను చెప్తాను. మేం ఇర్వింగ్ వచ్చేనాటికి టెక్సస్ స్టేడియం ఇక్కడే ఉండేది, ఆదివారం పచారీ కొట్టుకి పోవాలన్నా ట్రాఫిక్ చూసుకుని పోయేవాళ్లం. 1996 జనవరి 28న స్టీలర్స్‌ని 27–17తో కొట్టినప్పుడు, ఇది ఏటా ఉండేదే కదా అనుకున్నాం. ఆ తర్వాత సూపర్ బౌల్ మాట దేవుడెరుగు, కాన్ఫరెన్స్ ఫైనల్‌కి కూడా వెళ్లలేదు. డెట్రాయిట్ వెళ్లింది. పోయిన ఏడాది కొత్త కుర్రాడు జేడెన్ డేనియల్స్‌తో వాషింగ్టన్ కూడా వెళ్లింది. ఇప్పుడు మన కాన్ఫరెన్స్‌లో అందరికంటే ఎక్కువ కాలం ఎదురు చూస్తున్నది మనమే.

ప్రసాదూ, కాంట్రాక్టుల మాట కొంత నిజమే గానీ, అన్ని ఓటములనీ అదే గాట కట్టకు. సియాటిల్‌లో అప్పటి మన క్వార్టర్‌బ్యాక్ రోమో చేతిలోంచి బంతి జారింది చూడు, 21–20, అది కాంట్రాక్టా? 2007లో 13 గెలిచి జెయింట్స్‌తో ఓడాం, ఆ ఏడాది వాళ్లు పేట్రియట్స్‌నే ఓడించారు. గ్రీన్‌బేలో డెజ్ బ్రయంట్ పట్టిన బంతి పట్టలేదన్నారు. 2018లో ఆ రూల్ మార్చారు, ఇప్పుడైతే అది క్యాచే. ఏం లాభం! మా ఇంట్లో ఆ రిప్లే వస్తే ఇప్పటికీ ఛానెల్ మారుస్తాం. 2016లో డాక్ మొదటి ఏడాది, 34–31, ఆఖరి క్షణంలో మేసన్ క్రాస్బీ 51 గజాల నుంచి కొట్టాడు. అంతకుముందు రాడ్జర్స్ ఎడమవైపు పరిగెత్తుతూ జారెడ్ కుక్‌కి వేసిన బంతి ఇంకెవరైనా వేస్తారా? అలాంటప్పుడు అవతలివాడికి దండం పెట్టి లేవడమే.

నాకు కోపం వచ్చేది కోచ్ మెకార్తీ కాలం చూస్తే. మూడేళ్లు వరసగా 12–5. 2022 జనవరిలో ఫార్టీనైనర్స్ మీద 14 పెనాల్టీలు ఇచ్చారు, 14! 14 సెకన్లు ఉండగా టైమౌట్ లేకుండా డాక్ పరిగెత్తాడు, బంతి మళ్లీ పెట్టేలోపే గడియారం అయిపోయింది. మరుసటి ఏడాది వాళ్ల మీదే ఆఖరి ఆట కోసం రన్నింగ్ బ్యాక్ ఎజికియల్ ఎలియట్‌ని బంతి అందించే సెంటర్‌గా కూచోబెట్టారు. ఎవరు ఆలోచిస్తారో ఇవి. అది దురదృష్టం కాదు, సరిగా తయారు చేయలేదు. కోచ్‌ని గట్టిగా అడిగేవాళ్లు ఆ బిల్డింగ్‌లో లేరు. సూపర్ బౌల్స్ గెలిపించిన కోచ్ జిమ్మీ జాన్సన్‌ని పంపించేసిన జెర్రీ ఇంకో గట్టి మనిషిని తెచ్చుకుంటాడా?


ఈగల్స్_ఏలూరు
ఆగస్టు 30

అక్కా, మీ మీద నాకు జాలి కూడా వేస్తోంది. ఇది మామూలు విషయం కాదు.


బ్లూస్టార్88
ఆగస్టు 30

అక్కయ్య గారూ, డాక్ పేరు నెమ్మదిగా దాటేశారు. ప్లేఆఫ్స్‌లో 2 గెలుపులు, 5 ఓటములు. గ్రీన్‌బేతో డార్నెల్ సావేజ్ చేతిలో బంతి పెట్టి టచ్‌డౌన్ ఇచ్చింది ఎవరు? ఏడాదికి 60 మిలియన్లు తీసుకునే మనిషి ఇంకో ఇద్దరు స్టార్లకి చోటు మిగల్చడు. డాక్, ల్యాంబ్, మైకా ముగ్గురికీ కలిపి ఏడాదికి 140 మిలియన్లు దాటేది. ఈ ఏడాది క్యాప్ (టీమ్ మొత్తం జీతాల పరిమితి) 279. సగం ముగ్గురికే పోతే మిగతా యాభై మందిని ఎక్కడ్నుంచి తెస్తాం?


ప్లేనో_ప్రసాదు
ఆగస్టు 30

ఆ 140లో ఆలస్యం ఖర్చు ఎంతో లెక్క వేయండి. మైకాదే 13. డాక్‌ది 2023లో తేల్చి ఉంటే హర్ట్స్ దగ్గర, అంటే 51 దగ్గర ఆగేది. పైగా క్యాప్ లెక్క మొదటి ఏడాదే మొత్తం పడదు, బోనస్‌గా మార్చి ముందుకి నెడతారు. ఫిలడెల్ఫియా చేసేది అదే, ఏలూరు గారిని అడగండి.


ఈగల్స్_ఏలూరు
ఆగస్టు 30

మా రహస్యాలు చెప్పను. (అవును, అదే.)


వరంగల్_బ్లిట్జ్
ఆగస్టు 30

డాక్ మీద నేను బ్లూస్టార్ అన్నతోని సగం కలుస్త. 48–32 రోజు డాక్ ముందు తడబడ్డడు, నిజమే. కానీ అటు జోర్డన్ లవ్ 21 పాసులల్ల 16 పట్టిచ్చిండు, 272 గజాలు, మూడు టచ్‌డౌన్లు. డిఫెన్స్ ఇల్లు వదిలిపెట్టి పోయినంక క్వార్టర్‌బ్యాక్ ఒక్కడు ఏం జేస్తడు? ఇప్పుడు ఆ డిఫెన్స్‌కెల్లి మైకా పాయె, డెమార్కస్ లారెన్స్ సియాటిల్ పాయె. పోయేటప్పుడు డాలస్‌ల ఉంటే సూపర్ బౌల్ గెలువనని చెప్పి మరీ పోయిండు. అప్పుడు ఆయన మీద గరమైంది ఎవరు? మైకానే! ఐదు నెలలు తిరగలే.


మోడరేటర్
ఆగస్టు 30

మైకా కుటుంబం గురించి, ఏజెంట్ పుట్టుక గురించి పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. ఆట మీద ఎంతైనా తిట్టుకోండి.


ఇర్వింగ్_అక్క
ఆగస్టు 30

మంచి పని. బాగున్నవి కూడా కాసేపు మాట్లాడండి. స్టీలర్స్ నుంచి జార్జ్ పికెన్స్‌ని తెచ్చారు, ల్యాంబ్‌కి అటువైపు చాలా కాలం తర్వాత ఒక మనిషి దొరికాడు. జాక్ మార్టిన్ రిటైర్ అయ్యాడు. తొమ్మిదిసార్లు ప్రో బౌల్ ఆడిన గార్డు, అలాంటివాడు మళ్లీ దొరకడు. అసలు 2014లో జెర్రీ మనసంతా జానీ మాంజీల్ మీదే ఉండేది, పక్కవాళ్లు ఆపబట్టి మార్టిన్ వచ్చాడు. అతని చోటికి మొదటి రౌండ్‌లోనే అలబామా కుర్రాడు టైలర్ బుకర్‌ని తీసుకున్నారు. పేరు కోసం కాకుండా పని కోసం తీసుకున్న పిక్ అది. నాకు నచ్చింది.


ప్లేనో_ప్రసాదు
ఆగస్టు 30

బుకర్ విషయంలో మీతోనే అక్కా. పికెన్స్ మాత్రం ఒక్క ఏడాది కాంట్రాక్టు మీద వచ్చాడు. బాగా ఆడితే వచ్చే మార్చిలో ఇదే పంచాయితీ మళ్లీ. ఎవరైనా ఇప్పుడే అతని ఏజెంట్‌కి ఫోన్ చేయండి బాబూ, ఏజెంట్‌కి!

కోచ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. మన కొత్త హెడ్ కోచ్ షాటెన్‌హైమర్ ఇంతకుముందు ఎక్కడా హెడ్ కోచ్ కాదు. మన దగ్గరే ఆఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా ఉన్నాడు, 7–10 అయ్యాక పక్క గదిలోంచి పిలిచి పెద్ద కుర్చీలో కూచోబెట్టారు. వాళ్ల నాన్న మార్టీ పెద్ద కోచ్, రెగ్యులర్ సీజన్‌లో 200 గెలిచాడు. ప్లేఆఫ్స్‌లో 5–13. మన టీమ్‌కి ఇంటిపేరు కూడా ఏరికోరి సరిపోయేదే దొరుకుతుంది.


బ్లూస్టార్88
ఆగస్టు 30

తండ్రి రికార్డు కొడుక్కి అంటగట్టకండి సార్, అది అన్యాయం. క్యాంప్‌లో కుర్రాళ్లు అతని మాట వింటున్నారు. మెకార్తీ చివరి ఏడాది అదీ లేదు.

హర్షెల్ వాకర్ సంగతి మర్చిపోకండి. 1989లో టీమ్‌లో ఉన్న ఒకే ఒక్క స్టార్‌ని మిన్నెసోటాకి ఇచ్చేస్తే అప్పుడూ ఇలాగే తిట్టారు. ఆ పిక్స్ అటూ ఇటూ తిప్పే ఎమ్మిట్ స్మిత్, డారెన్ వుడ్సన్ వచ్చారు, మూడు సూపర్ బౌల్స్ వచ్చాయి.


ఇర్వింగ్_అక్క
ఆగస్టు 30

ఆ పిక్స్‌ని వాడింది జిమ్మీ జాన్సన్, నాయనా. ఇప్పుడు ఎవరు వాడతారు? నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ఆ డాక్యుమెంటరీలో జెర్రీ ఆ రోజుల గురించి మాట్లాడుతుంటే చూశాను, బాగానే చెప్పాడు, నవ్వొచ్చింది కూడా. అది విడుదలైన పది రోజులకే ఈ ట్రేడ్. పైగా వాకర్‌కి మిన్నెసోటా ఇచ్చింది ముగ్గురు ఫస్ట్ రౌండర్లని, ముగ్గురు సెకండ్ రౌండర్లని, ఇంకా బోలెడంత. ఇక్కడ రెండు.


కొత్తగా_వచ్చా
ఆగస్టు 31

నిన్నటి నుంచి చదువుతున్నా, ఇంత చరిత్ర ఉందా బాబోయ్. మరి ఇంత ఏడుపు ఉన్న టీమ్‌ని ఎందుకు పట్టుకున్నారు మీరంతా? చీఫ్స్‌నో ఇంకొకళ్లనో చూడొచ్చు కదా?


వరంగల్_బ్లిట్జ్
ఆగస్టు 31

మా అన్న ఇర్వింగ్‌ల ఉద్యోగం చేస్తుండె, నీలం టోపీ ఒకటి పంపిండు. అంతే. టీమ్‌ని ఎవరన్న లెక్కలు వేసి పట్టుకుంటరా తమ్మీ?


ప్లేనో_ప్రసాదు
ఆగస్టు 31

మా పిల్లల హైస్కూల్ మ్యాచులు ఫ్రిస్కోలో ద స్టార్ దగ్గర ఫోర్డ్ సెంటర్‌లోనే జరుగుతాయి, కౌబాయ్స్ ప్రాక్టీస్ చేసే చోటే. ఎటు తిరిగినా ఆ నక్షత్రమే కనపడుతుంది. నువ్వు రిచర్డ్‌సన్‌లో ఉన్నావు, ఇంకో రెండేళ్లుంటే నువ్వూ తప్పించుకోలేవు.


బ్లూస్టార్88
ఆగస్టు 31

తాజా వార్త చూశారా? డారాన్ బ్లాండ్‌కి ఎక్స్‌టెన్షన్. నాలుగేళ్లు, 92 మిలియన్లు. కాంట్రాక్టు ఆఖరి ఏడాది మొదలవకముందే. ఏమంటారు ప్రసాదు గారూ?


ప్లేనో_ప్రసాదు
ఆగస్టు 31

2023లో ఐదు ఇంటర్‌సెప్షన్లని టచ్‌డౌన్లు చేసి లీగ్ రికార్డు కొట్టినవాడు, ఇచ్చారు, సంతోషం. మొదటి మ్యాచ్‌కి నాలుగు రోజుల ముందు ఇవ్వడాన్ని మీరు ముందే ఇచ్చారంటే నేనేం చెప్పను! మైకాని పంపిన మూడో రోజు కాకుండా మార్చిలో ఇచ్చి ఉంటే దండ వేసేవాణ్ని.


ఈగల్స్_ఏలూరు
ఆగస్టు 31

గురువారం రాత్రి మా ఇంట్లో సూపర్ బౌల్ బ్యానర్ ఎగరేస్తున్నాం, ముఖ్య అతిథులు మీరే. మ్యాచ్ థ్రెడ్ ఎవరు తెరుస్తున్నారు?


వరంగల్_బ్లిట్జ్
ఆగస్టు 31

నేను తెరుస్త. మాకు శుక్రవారం పొద్దున 5:50కి కిక్‌ఆఫ్, ఆఫీస్ తొమ్మిదిన్నరకి. బార్క్‌లీ మొదటి క్వార్టర్‌ల వంద దాటితే మాత్రం నేను పండుకుంట, మీరే నడుపుకోండ్రి. సెప్టెంబర్ 28న గ్రీన్‌బే ఆర్లింగ్టన్‌కి వచ్చే మ్యాచ్‌కి ఇంకెవరన్న తెరువుండ్రి, అది నాతోని కాదు.


ఇర్వింగ్_అక్క
ఆగస్టు 31

28న నేను తెరుస్తానులే. తిట్లు మాత్రం తెలుగులోనే, మా మనవడు ఇంగ్లీషువన్నీ చదివేస్తున్నాడు.